ఓరుగల్లు రెండు రోజుల్లో: కోటకు ఒక పూట, చెరువుకు ఒక పూట

కాకతీయుల నాటి మామూలు జనం ఎట్లా బతికారో చూడాలనుకునేవాళ్లు వరంగల్‌ని ఒక్కరోజులో ముగించొద్దు. పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే కారు ప్రయాణాల్లో పాలంపేటలోని రామప్ప గుడి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంటుంది, చెరువు కట్ట ఎక్కే తీరిక ఉండదు. రైల్లో అయితే కాజీపేటలో దిగి హనుమకొండలోనే గది తీసుకోవాలి. వేయి స్తంభాల గుడి అక్కడికి దగ్గరే, ములుగు వైపు బస్సులూ అక్కణ్ణించే. రామప్ప చెరువు గట్టున టూరిజం కాటేజీల్లో రాత్రి చాలా ప్రశాంతంగా ఉంటుంది కానీ చుట్టుపక్కల హోటళ్లు తక్కువ. గదులు ఇస్తున్నారో లేదో ముందే ఫోన్‌లో కనుక్కుని, రాత్రి భోజనం కూడా అప్పుడే చెప్పేయాలి.

బయల్దేరేముందు క్రీడాభిరామం ఒకసారి చదవండి. కాకతీయుల తర్వాత వచ్చిన కావ్యమే అయినా, మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరగడమే అందులో కథ. కోడిపందేలు, పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి, పూటకూళ్ల ఇల్లు, అన్నీ ఉంటాయి. ఆ పూటకూళ్లింట్లో ఒక్క రూకకు కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజులు (నంజుకునే కూరలు), గడ్డపెరుగు పెట్టేవారట. రాజుల శాసనాల్లో దొరకని ఊరు ఇక్కడ దొరుకుతుంది.

కోటకు పొద్దున్నే వెళ్లాలి. చాలామంది తోరణాల దగ్గర ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. ఆ నాలుగు తోరణాలు స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కుల ద్వారాలు. గుడి పోయింది, నేల మీద చెక్కిన రాళ్లు పరుచుకుని ఉన్నాయి. అసలు చూడాల్సింది గోడలు: బయట మట్టికోట, లోపల కందకం, దాని వెనక 45 బురుజుల రాతికోట. దర్వాజాలో దారి సూటిగా పోదు, మలుపు తిరుగుతుంది. దూసుకొచ్చే సైన్యానికి వేగం తగ్గించడానికే ఆ ఏర్పాటు. లోపల ఇప్పటికీ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. ఏకశిల గుట్ట ఎక్కితే ఊరి నమూనా మొత్తం కళ్లముందుంటుంది.

వేయి స్తంభాల గుడికి (1163) గంట చాలు. సాయంత్రం వెళ్లండి.

రెండో రోజు పాలంపేటలోని రామప్ప గుడి. హనుమకొండ నుంచి 65 కిలోమీటర్ల పైనే. ములుగు దాకా బస్సులో పోయి అక్కడ ఆటో మాట్లాడుకోవచ్చు, కానీ తిరుగు ప్రయాణానికి కూడా ముందే ఒప్పుకోవాలి, లేకపోతే పాలంపేటలో చిక్కుకుపోతారు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. విమానానికి (గర్భగుడి మీది శిఖరానికి) వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. కింది కట్టడం మీద బరువు పడకూడదనే ఆ తయారీ. చూరు కింద నల్లరాతి మదనికల్లో (స్త్రీ శిల్పాల్లో) ఒకామె పాదాలకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, నెమ్మదిగా వెతకండి. ఇక, సరిగమలు పలుకుతుందని చెక్కడాన్ని వేలితో కొట్టి చూపిస్తామంటారు. వద్దనండి. 800 ఏళ్ల చెక్కడం అరిగిపోతుంది.

గుడి చూసి చెరువుకు తప్పక వెళ్లాలి, రెండింటిలో ఒక్కటే కుదిరితే చెరువే మేలు అంటాను. కొండల నడుమ వాగుకు అడ్డంగా మట్టికట్ట, పొలానికి నీళ్లొదిలే తూము, మిగులు నీరు పోయే మత్తడి: ఆనాటి పల్లె తిండి ఈ మూడింటి మీదే నడిచింది. తూముకు గండి పడినా కట్ట కోసుకుపోయినా ఊరంతా పస్తే. అందుకే చెరువు బాగు చూసేవాళ్లకు ఆయకట్టులో పదో వంతు మాన్యంగా ఇచ్చేవారు, దాన్నే దశబంధం అన్నారు. ఇప్పటికీ దీని కింద వరి పండుతోంది. వానాకాలం చివర్లో, మత్తడి పోస్తున్నప్పుడు వెళ్తే బాగా అర్థమవుతుంది.

రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతర రోజుల్లో మాత్రం ఈ దారి పెట్టుకోవద్దు. ములుగు రోడ్డంతా బండ్లే, హనుమకొండలో గది దొరకదు.