చీరకు బదులు పుస్తకాల పెట్టె

ఈ సంక్రాంతికి చీర వద్దు, పుస్తకాలు కొనిపెట్టరా అన్నాను తమ్ముడితో. విజయవాడ ఏలూరు రోడ్డులోని ఒక షాపు నుంచి ఏకంగా 23 పంపించాడు! భోగికి ముందురోజే పెట్టె అందింది. ప్యాకింగ్‌కి నూటికి నూరు మార్కులు: తడి తగలకుండా ప్లాస్టిక్ కవరు, నాలుగు మూలలా మందపాటి అట్ట. ఒక్క పుస్తకం అంచు కూడా నలగలేదు. అరిసెల పాకం దించేసి వచ్చి, ఒక్కొక్కటీ తీసి వాసన చూస్తూ కూర్చున్నాను.

ఒక కథల సంపుటిలో మాత్రం 65 నుంచి 80 దాకా పేజీలు రెండుసార్లు పడి, తర్వాతి 16 పేజీలు లేవు. బైండింగులో ఫారం (16 పేజీలుగా మడిచే అచ్చు కాగితం) మారిపోయింది. ఫోన్ చేస్తే, "ఫొటో పంపండమ్మా చాలు, పాతది తిరిగి పంపక్కర్లేదు" అన్నారు. కనుమ వెళ్లిన మూడో రోజుకి కొత్త ప్రతి వచ్చేసింది. పోస్టు ఖర్చు కూడా అడగలేదు. ఉగాదికి నేనే ఆర్డరు పెడుతున్నాను.