మిల్లింగ్ మిషనుకి సర్వో స్పిండిల్ పెట్టించినాం, గాజులమండ్యం సర్వీసు గురించి నా రివ్యూ

మా చిన్న మిల్లింగ్ మిషనులో స్పిండిల్‌ని (కట్టర్‌ని తిప్పే ఇరుసు) తిప్పే పాత ఇండక్షన్ మోటారు, దాని స్పీడు మార్చే వీఎఫ్‌డీ రెండూ తీసేసి 750 వాట్ల ఏసీ సర్వో (ఎంత తిరగమంటే కచ్చితంగా అంతే తిరిగే మోటారు, దాన్ని నడిపే డ్రైవ్) పెట్టించినాం. పని చేసిచ్చింది రేణిగుంట దగ్గర గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్ పక్కనుండే చిన్న ఆటోమేషన్ షాపు. సర్వో స్పిండిల్ అనంగానే మనోళ్ళు చెన్నైకి పొమ్మంటారు, ఇక్కడే దొరికింది కాబట్టి వివరంగా రాస్తున్నా.

నాకు బాగా నచ్చింది ఏందంటే, షాపాయన వచ్చీరాగానే డ్రైవ్ బటన్లు నొక్కలేదు. "మీకు ఏం పని జాస్తి వస్తాదన్నా?" అని అడిగినాడు. అల్యూమినియం, ఇత్తడిలో ఎం6 ట్యాపింగే (6 మిల్లీమీటర్ల బోల్టుకి బెజ్జంలో మర కోసేది) ఎక్కువంటే, అయితే పొజిషన్ మోడ్‌లో (కార్డు పంపే ఒక్కో పల్సుకి మోటారు ఇంతని తిరిగే పద్ధతి) పెడదాం, మోటారు ఒక చుట్టుకి స్పిండిల్ ఒక చుట్టు తిరిగేట్టు బెల్టు ఒకటికి ఒకటే ఉంచుదాం అన్నాడు. ఒకటికి రెండు పెడితే 6000 ఆర్‌పీఎం వస్తాది గానీ 2.39 న్యూటన్ మీటర్ల టార్క్ సగానికి పడిపోతాది, పైగా మోటారు జెడ్ పల్స్ (మోటారు చుట్టుకి ఒకసారి ఇచ్చే గుర్తు సిగ్నల్) స్పిండిల్ రెండు చుట్లకి ఒకసారే వస్తాది, స్పిండిల్ ప్రతి చుట్టుకీ గుర్తు కావాలంటే ఇంకో సెన్సర్ పెట్టాల. మాకు 3000 చాలు. బెల్టు మాత్రం పళ్ళదే వాడాలి, వీ బెల్టు జారుతాది కాబట్టి ట్యాపింగ్‌కి పనికిరాదు.

అసలు లెక్క పల్సుల దగ్గరుంది. డ్రైవ్‌లో చుట్టుకి 10000 పల్సులు అని ఉండింది, 3000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 50 చుట్లు, అంటే 500 కిలోహెర్ట్జ్ కావాల, మా కంట్రోల్ కార్డు 100 దాటి ఇవ్వదు. అందుకని ఎలక్ట్రానిక్ గేర్ (చుట్టుకి ఎన్ని పల్సులో చెప్పే డ్రైవ్ సెట్టింగ్) మార్చి చుట్టుకి 1000 చేసినాడు, 50 కిలోహెర్ట్జ్‌తో సరిపోయింది. ఎం6 పిచ్ (ఒక చుట్టుకి మర దిగే దూరం) 1 మిల్లీమీటరే కదా, ఒక్క పల్సుకి జెడ్ యాక్సిస్ (పైకీ కిందికీ కదిలేది) కదిలేది ఒక్క మైక్రాన్, అంతకంటే ఇంకేం కావాల. ఇప్పుడు 400 ఆర్‌పీఎంలో ట్యాప్ దిగి వెనక్కి తిరిగొస్తా ఉంటే చూడముచ్చటగా ఉండాది, కొంచెం తేడా వచ్చినా సర్దుకునే ఫ్లోటింగ్ హోల్డర్ అక్కర్లేకుండా పోయింది.

బ్రేకింగ్ రెసిస్టర్ విషయంలో గట్టిగా నిలబడినాడు. స్పిండిల్ టక్కున ఆగినప్పుడు మోటారే జనరేటర్ లాగా కరెంటు వెనక్కి తోస్తాది, డ్రైవ్ లోపల డీసీ వోల్టేజీ పెరిగి ఓవర్ వోల్టేజ్ అలారం కొడతాది, అందుకే ఆ కరెంటుని వేడిగా మార్చేదానికి బయట రెసిస్టర్ ఒకటి పెట్టి ర్యాంప్ టైము (స్పీడు తగ్గి ఆగేదానికి పట్టే సమయం) కూడా రవ్వంత పెంచినాడు. డ్రైవ్ అలారం వైరు ఎమర్జెన్సీ స్టాప్ లైనులో కలిపినాడు, స్పిండిల్ నిలిచిపోతే యాక్సిస్‌లు కూడా నిలిచిపోతాయి, లేదంటే ట్యాప్ విరిగి జాబ్‌లోనే ఇరుక్కుంటాది.

నచ్చనిది ఒకటే, డ్రైవ్‌లో పెట్టిన పారామీటర్లు (సెట్టింగులు) రాసివ్వలేదు, అడిగి అడిగి రాయించుకున్నా. మీరు పనికి ముందే అడగండి, రేపు డ్రైవ్ మార్చాల్సొస్తే ఆ కాగితమే దిక్కు.

మాధవమాల పక్క కొయ్యబొమ్మల రౌటర్‌కి ఇది పెట్టొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగినారు. వద్దు. కొయ్యలో సన్న కట్టర్‌కి 18000, 24000 ఆర్‌పీఎం కావాల, దానికి మామూలు హైస్పీడ్ స్పిండిల్, వీఎఫ్‌డీయే కరెక్ట్. ట్యాపింగ్, లేత్‌లో మరలు కోసే పనుంటే మాత్రం ఈ షాపుకి పొండి, పోయేటప్పుడు మోటారు నేమ్‌ప్లేట్ ఫోటో, కంట్రోల్ కార్డు మాన్యువల్ తీసుకుపొండి, ఆయన మొదట అడిగేది అవే.