పాఠాలు రాసినవారికి ఊరు తెలుసు, తేదీలు వేసినవారికి తెలియదు

కడప కేంద్రంగా పనిచేసే ఒక క్రైస్తవ సంఘాల సహవాసం రాయలసీమలోని తన సభ్య సంఘాలకు ఏటా రెండు వస్తువులు పంపుతుంది. ఒకటి రాబోయే ఏడాది కార్యక్రమాల సూచిక. ఇంకొకటి సండే స్కూల్ పాఠాలు మొదలుకొని పెండ్లి రిజిస్టరు నింపే పద్ధతి వరకు ఉండే పరిచర్య సామగ్రి సంచి. లోపాలు కూడా రాయబోతున్నాను కనుక సహవాసం పేరు చెప్పడం లేదు; జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు సంఘాలలో తిరిగేవారు పోలికలు పట్టుకోగలరు. ఒక గ్రామ సంఘానికి కార్యదర్శిగా ఈ రెండింటినీ వాడుతున్నాను. సంచికి ఐదుకు నాలుగున్నర మార్కులు సంతోషంగా వేస్తాను. సూచికకు రెండు వేయడానికి కూడా మనసొప్పడం లేదు.

ఈ ప్రాంతంలో అందరికీ పనికివచ్చే సామగ్రి తయారు చేయడం తేలికైన పని కాదని ముందుగా ఒప్పుకోవాలి. కడపలో లండన్ మిషనరీ సొసైటీ పని 1822లో మొదలైంది. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి ఆ మిషను పెట్టినదే. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు ఆంగ్లికన్ల సువార్త వ్యాప్తి సంస్థ అయిన ఎస్‌పీజీ మిషను పనిచేసింది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు స్థిరపడ్డారు. 1947 సెప్టెంబరు 27న వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ)గా ఏర్పడినప్పుడు బాప్టిస్టులు వెలుపలే ఉండిపోయారు, ఆ తర్వాత పెంతెకొస్తు సంఘాలు, ఏ మిషనుకూ చెందని స్వతంత్ర సంఘాలు ఊరూరా వెలిశాయి. అందుచేత ఒకే మండలంలో ఒక గుడిలో పసిబిడ్డకు బాప్తిస్మమిస్తే, పక్క వీధి గుడిలో విశ్వాసం ఒప్పుకున్న పెద్దవారిని మాత్రమే నీళ్లలో ముంచుతారు. ఒకరు ఆదివారానికింత అని నిర్ణయించిన వాక్యభాగాల పట్టిక ప్రకారం చదివితే, ఇంకొకరు ఆ ఉదయం పాస్టరు అయ్యగారికి తోచిన అధ్యాయం తెరుస్తారు.

సంచి తయారు చేసినవారు ఈ తేడాలను కప్పిపుచ్చలేదు. బాప్తిస్మం పాఠాన్ని రెండు వేర్వేరు కాగితాలుగా అచ్చువేసి, ఎవరి సంప్రదాయానికి తగింది వారు తీసుకోమన్నారు. ఎవరికీ నొప్పి కలగని మధ్యస్థపు పాఠం ఒకటే రాసి ఉంటే ఇరువర్గాలవారూ దాన్ని బీరువాలో పడేసేవారు. వాక్యభాగాల పట్టికను కూడా పాఠాల మధ్య ఇరికించకుండా విడిగా ఇచ్చారు. కావలసినవారు గోడకు అంటించుకుంటారు, అక్కరలేనివారికి అడ్డం రాదు.

కోత పండుగకు రాసిన పాఠం గురించి కాస్త వివరంగా చెప్పాలి. రూతు గ్రంథం రెండో అధ్యాయం తీసుకున్నారు. సాధారణంగా ఈ భాగం మీద ప్రసంగమంటే రూతు వినయం, బోయజు ఔదార్యం, కడపట వివాహం అనే మూడు మెట్లలో నడిచిపోతుంది. ఈ పాఠం మాత్రం మొదటి పావుగంట బోధకుణ్ణి మాట్లాడవద్దంటుంది. శెనక్కాయ కోతలయ్యాక చేలల్లో పరిగె ఏరిన ఆడవాళ్లు సంఘంలో ఎవరున్నారో అడిగి, వారిచేత చెప్పించమంటుంది: ఒక రోజు ఏరితే ఎన్ని కాయలు వస్తాయి, ఏ రైతు రానిస్తాడు, ఎవరు గొర్రెలు తోలి ఆ కాస్తా లేకుండా చేస్తారు, ఒంటరిగా వెళ్లే వయసు పిల్లకు చేలో ఎదురయ్యే ఇబ్బందులేమిటి. ఆ తర్వాతే లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో పొలం అంచులు పూర్తిగా కోయవద్దనే ఆజ్ఞ చదవాలి. మా సంఘంలో ఎన్నడూ నోరు విప్పని ఒక పెద్దమ్మ, తన పనివాళ్లు రూతును ముట్టకూడదని బోయజు ముందే ఎందుకు ఆజ్ఞాపించాడో ఎవరూ అడగకుండానే విప్పి చెప్పింది. సెమినరీ చదువు చదివినవారు కూడా ఆ వాక్యం దగ్గర అంతసేపు ఆగడం నేను చూడలేదు.

ఇలాంటిదే మరొకటి వలస కుటుంబాల మడతపత్రం. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుండి మిరపకాయల కోతకు గుంటూరు వెళ్లే కుటుంబాలు నెలల తరబడి ఊళ్లో ఉండవు. పిల్లల చదువు చెడకుండా ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నా, తల్లిదండ్రుల వెంట వెళ్లిపోయే పిల్లలు ఇంకా ఉన్నారు. వారికోసం చొక్కా జేబులో పట్టేంత కాగితం మీద ఒక కీర్తన, ఒక చిన్న వాక్యభాగం, చదువు రానివారు కూడా కంఠతా పట్టగల ప్రార్థన అచ్చువేశారు. పాస్టరు లేకుండా, చేలోని గుడారం దగ్గర పదిమంది కూర్చుని పావుగంటలో ముగించుకునేలా ఉంది. సంచి మొత్తంలో అతి చౌకగా తయారైన వస్తువు ఇదే అయి ఉంటుంది. అతి విలువైనది కూడా ఇదే.

పాటల విషయంలో మెప్పూ ఉంది, ఫిర్యాదూ ఉంది. పాత కీర్తనలకు పుస్తకంలో పైన రాగం, తాళం రాసి ఉన్నా వాటిని చదువుకుని పాడగలవారు పల్లె సంఘాలలో ఇప్పుడు అరుదు. కీబోర్డు వాయించే కుర్రవాళ్లు ప్రతి కీర్తననూ యంత్రంలో దొరికే ఒకే బీటు మీద నడిపిస్తున్నారు. సహవాసం వారు పెద్దలచేత పాడించి రికార్డు చేసిన ఆడియోలలో పల్లవిని మొదట తాళం వేస్తూ నిదానంగా, తర్వాత మామూలు నడకలో రెండుసార్లు వినిపిస్తారు. చరణం చివర పల్లవిని ఎక్కడ అందుకోవాలో స్పష్టంగా తెలుస్తుంది. హార్మోనియం, ఢోలక్, తాళాలు తప్ప వేరే వాద్యం లేదు. చూపు మందగించినవారి కోసం పెద్ద అక్షరాల ప్రతి విడిగా ఉంది.

ఫిర్యాదు సాహిత్యం పంపే పద్ధతి మీద. పాటలను యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులో కొట్టించి, పేజీని బొమ్మగా మార్చి వాట్సాప్‌లో పంపుతున్నారు. అందులోంచి ఒక్క చరణం కూడా కాపీ చేసుకోలేము, వెతకలేము, గుడిలో తెర మీద చూపాలంటే మొదటి నుండి మళ్లీ టైపు చేసుకోవాలి. టైపు చేసేవారు ఊరికొకరు కనుక, తప్పులు కూడా ఊరికొక రకంగా ప్రచారంలోకి వస్తున్నాయి. యూనికోడ్‌లో ఒక్కసారి కొట్టించి ఇస్తే తీరిపోయే సమస్య ఇది.

వేసవి సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు పాఠశాల, అంటే వీబీఎస్, పెట్టె బాగుంది. మే నెల ఎండను దృష్టిలో పెట్టుకుని అంతా ఉదయం ఏడు నుండి పదిలోపు ముగిసేలా కూర్చారు, చేతిపనులకు థర్మోకోల్, మెరుపు కాగితాలు కాకుండా చింతగింజలు, పాత వార్తాపత్రికలు, కొబ్బరి చిప్పలు అడిగారు. రంగులు వేసే బొమ్మలలో ఒక్కటి మాత్రం మంచు కప్పిన ఇంటిది ఎలాగో చొరబడింది. మా పిల్లలు దాన్ని ఉప్పు కొటారు అనుకున్నారు.

పెండ్లిళ్ల చేతిపుస్తకం పాస్టర్లకు ఉద్దేశించినది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం లైసెన్సు ఎవరికి ఉండాలి, రిజిస్టరు ఎలా నింపాలి, వరుడికి 21 ఏళ్లు, వధువుకు 18 ఏళ్లు నిండాయని ఏ పత్రాలు చూసి నిర్ధారించుకోవాలి అన్నవి తేలిక మాటల్లో ఉన్నాయి. కొన్ని మినహాయింపులు తప్ప, ఆ చట్టం కింద పెండ్లి ఉదయం ఆరు నుండి సాయంత్రం ఏడు లోపల జరగాలన్న నిబంధనను గళ్లుకట్టి చూపించారు. రాత్రి డీజే పెట్టుకుని తొమ్మిదింటికి గుడికి వచ్చే పెండ్లివారికి చూపడానికి పనికివచ్చే పేజీ.

ఇక సూచిక. నిగనిగలాడే కాగితం మీద, ప్రసంగీకుల ఫోటోలతో నిండి ఉంటుంది. ఏ సభలో ఎవరు మాట్లాడతారన్నది పెద్ద అక్షరాలలో ఉంటుంది. అక్కడికి ఎలా చేరాలి, ఎన్నింటికి ముగుస్తుంది, భోజనం పెడతారా, రుసుము ఎంత, రాత్రి ఉండడానికి చోటుందా అన్నవి ఏ అక్షరాలలోనూ ఉండవు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినా వేదికలను పాత జిల్లాల కింద చూపుతున్నందున, నంద్యాల సభను కర్నూలు జిల్లా శీర్షిక కింద వెతుక్కోవలసి వస్తుంది. 2016 నుండి నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య రైలు మార్గం ఉంది. బనగానపల్లె, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగే ఆ రైలు వేళలు ఒక్క పంక్తిలో వేస్తే ఎంతమందికో ప్రయోజనం.

తేదీల విషయం ఇంతకన్నా విచారకరం. 2027లో ఈస్టరుకు ముందటి ఉపవాస కాలమైన శ్రమల దినాలు ఫిబ్రవరి 10న మొదలై మార్చి 28న ఈస్టరుతో ముగుస్తాయి. అందరూ రావాలని కోరుతున్న వార్షిక సభలను సూచిక మార్చి మొదటి వారంలో వేసింది. పడమటి మండలాల కుటుంబాలు గుంటూరు మిరప చేలల్లో ఉండేది ఆ రోజుల్లోనే. ఇంటర్ విద్యార్థులు పరీక్షలలో, పదో తరగతి పిల్లలు పరీక్షల భయంలో ఉండేదీ అప్పుడే. పైగా మార్చి మొదటి శుక్రవారం లోకమంతటా స్త్రీలు జరుపుకునే విశ్వ ప్రార్థన దినం. ఆ సంవత్సరం అది మార్చి 5న వస్తుంది. ఊళ్లలో ఆ ప్రార్థనను నడిపించే స్త్రీల మైత్రి సభ్యులను అదే రోజు కడపకు రమ్మంటే, ఊళ్లో ప్రార్థన ఎవరు నడపాలి? వలస కుటుంబాల కోసం మడతపత్రం అచ్చువేసిన కార్యాలయమే, ఆ కుటుంబాలు ఊళ్లో లేని వారంలో మహాసభ పెట్టడం ఎలా జరిగిందో నాకు అంతుపట్టలేదు. రెండు బల్లల మీద పనిచేసేవారు ఒకరి కాగితం ఒకరు చూసుకోరేమో.

యువజన శిబిరాన్ని దసరా సెలవులలో పెట్టడం పైకి న్యాయంగానే కనిపిస్తుంది. అయితే అక్టోబరులో జమ్మలమడుగు నల్లరేగడి నేలల్లో శనగ విత్తనం పడుతుంది, అనంతపురం వైపు వేరుశనగ పీకుడు మొదలవుతుంది. సెలవులకు ఇంటికి వచ్చిన కొడుకును ఏ రైతూ ఆ వారం శిబిరానికి పంపడు. సంక్రాంతి ముందటి సెలవులకు మార్చితే చాలావరకు సర్దుకుంటుంది. ఆడపిల్లల బస దగ్గర రాత్రి ఎవరుంటారో, పిల్లల భద్రతకు బాధ్యులు ఎవరో ప్రకటనలో లేదు. 2012 నాటి పోక్సో చట్టం గురించి సండే స్కూల్ ఉపాధ్యాయుల కరపత్రంలో చక్కగా రాసిన సహవాసం, తన సొంత శిబిరానికి ఆ మాటే ఎత్తలేదు. ఆ వివరం చూడకుండా నేనైతే మా సంఘం నుండి ఎవరి పేరూ పంపను.

స్త్రీల సదస్సులకు వచ్చేవారి సంఖ్య ఈమధ్య పెరిగింది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఖర్చు తప్పడం దీనికి ముఖ్య కారణమని నా అంచనా. గుర్తింపు కార్డు వెంట తెచ్చుకోవాలన్న హెచ్చరిక ఒకటి సూచికలో చేర్చితే, ఆధార్ ఇంట్లో మరచి కండక్టరుతో వాదించవలసిన అవస్థ ఉండదు. సదస్సును సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టే అలవాటు కూడా మానాలి. చివరి పల్లెవెలుగు దాటిపోతే ఉచిత ప్రయాణం ఎందుకూ కొరగాదు. ఇంత నిందించాక ఒక్క మంచి మాట: దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన ఐక్యతా దినమైన సెప్టెంబరు 27 ఈ 2026లో ఆదివారమే వచ్చింది. ఆ రోజు ఎవరి గుడిలో వారు ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం పక్క సంప్రదాయపు గుడికి అతిథులుగా వెళ్లాలన్న ప్రతిపాదన సూచికలో ఉంది. సభ లేదు, వేదిక లేదు, ఖర్చు లేదు. మిగతా పేజీలు కూడా ఇదే చేయి రాసి ఉంటే బాగుండేది.

సామగ్రి ఇచ్చే గది కడపలో మధ్యాహ్నం వరకే తెరిచి ఉంటుంది. అక్కడి మనిషి ఓపికపరుడు. పెద్ద అక్షరాల పాటల ప్రతి అడిగితే, "అయిపోయిందన్నా, అచ్చుకు పోయింది, ఫోన్ చేసి రాండి, ఊరికే తిరగొద్దు" అని ఉన్న మాట చెప్పాడు. ఫోన్‌పే తీసుకుంటారు, రశీదు అడగకుండానే ఇస్తారు. సంఘపు లెక్కలు చూసుకునేవారికి అది చిన్న విషయం కాదు.

సంచి మొత్తం వెయ్యి రూపాయల లోపే వస్తుంది, విడివిడిగానూ అమ్ముతారు. నలభై యాభై కుటుంబాల సంఘానికి పాఠాల కట్ట, పాటల ఆడియో ఉంటే చాలు. పెండ్లి పుస్తకం లైసెన్సు ఉన్న పాస్టరు దగ్గర ఒక్కటుంటే సరిపోతుంది. వలస మడతపత్రాలు మాత్రం కుటుంబానికొకటి చొప్పున, క్రిస్మస్ హడావిడి మొదలయ్యేలోపే అడిగి తెచ్చుకోవాలి. సహవాసం వాటిని శ్రమల దినాల కట్టతో కలిపి ఫిబ్రవరిలో పంపుతుంది, అప్పటికి వాటిని అందుకోవలసినవారు ఊళ్లో ఉండరు.