కెమెరాకు ఏ కార్డు మేలు: ఎస్‌డీనా, మైక్రో ఎస్‌డీనా?

బాబాయి కూతురి పెళ్లిలో సరిగ్గా జీలకర్ర–బెల్లం వేళకి నా కెమెరా తెర మీద ‘కార్డ్ ఎర్రర్’ అని పడింది. లోపలున్నది పాత ఫోన్‌లోంచి తీసిన మైక్రో ఎస్‌డీ, అడాప్టర్‌లో (దాన్ని ఎస్‌డీ సైజుకు తెచ్చే తొడుగులో) పెట్టి దూర్చాను. తీసి, తుడిచి, మళ్లీ పెట్టేలోపు మూడుముళ్లూ పడిపోయాయి. పిన్ని ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

అలాగని మైక్రో ఎస్‌డీ నాసిరకం కాదు. 15×11 మిల్లీమీటర్ల ఆ ముక్క చేసే పనే 32×24 మిల్లీమీటర్ల ఎస్‌డీ కూడా చేస్తుంది. చిక్కంతా అడాప్టర్‌తోనే. కార్డుకీ కెమెరాకీ మధ్య ఇంకో జత లోహపు పట్టీలు చేరతాయి, కాస్త వదులైతే చాలు, రికార్డింగ్ ఆగిపోతుంది. పైగా యూహెచ్‌ఎస్-2 అనే వేగమైన రకం కార్డుల వెనక రెండో వరస పిన్నులుంటాయి. మామూలు అడాప్టర్‌లో ఆ వరసే ఉండదు, కాబట్టి డబ్బు పోసి కొన్న వేగం అక్కడే ఆగిపోతుంది. కెమెరాకు ఎస్‌డీయే కొనండి.

కొనేటప్పుడు కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండే 170, 200 అంకెలు చూసి మురిసిపోవద్దు. చాలావరకు అది చదివే వేగమే. వీడియోకు కావలసింది రాసే వేగం, అది చిన్నగా ‘వీ30’ అని ఉంటుంది. సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గకుండా రాస్తుందని అర్థం. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, సెకనుకు 100 మెగాబిట్ల 4కే వీడియోకు 12.5 మెగాబైట్లే కావాలి, కాబట్టి వీ30 ధారాళంగా సరిపోతుంది. 400 మెగాబిట్లలో తీసేవాళ్లు మాత్రం వీ60కి వెళ్లాలి.

సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అనే ఇంకో రకం మెమరీ కార్డు సంగతి వేరు. వేగంలో ఎస్‌డీ దాని దరిదాపుల్లోకి రాదు, 8కే తీసేవాళ్లకు చాలాసార్లు అదే గతి. కానీ ధర గట్టిగానే ఉంటుంది, రీడర్ విడిగా కొనాలి, అసలు మీ కెమెరాలో ఆ స్లాట్ ఉండాలి. పెళ్లిళ్లు, పుట్టినరోజులు తీసే నాబోటి వాడికి దండగ.

కారు అద్దం దగ్గర పెట్టే డ్యాష్‌క్యామ్‌కైతే చాలావరకు మైక్రో ఎస్‌డీ తప్ప దారి లేదు. రోజంతా పాతది చెరిపి కొత్తది రాస్తుంది కనుక ‘హై ఎండ్యూరెన్స్’ రకమే తీసుకోండి.

ఇక సైజు. అదే 100 మెగాబిట్ల 4కే వీడియో 64 జీబీలో గంటన్నర కూడా పట్టదు. నేనైతే 256 జీబీది ఒక్కటి కాకుండా 128 జీబీవి రెండు కొన్నాను. ముహూర్తానికి పావుగంట ముందే రెండోది వేసేస్తాను, మొదటిది పిన్ని హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లిపోతుంది.