నాటుకోడి అని లేయర్ కోడిని అంటగడుతున్నారు, కోయకముందే చూసుకోండి

ఆదివారం కూరకి నాటుకోడి కొనేవాళ్లు ఇది చదివాకే షాపుకి వెళ్లండి. మన గోదావరి జిల్లాల్లో కొన్నిచోట్ల ముందే ఈకలు పీకి, మంటమీద కాల్చి, పసుపు పట్టించి పెట్టిన మాంసాన్ని నాటుకోడి అని తూస్తున్నారు. తీరా వండితే అది గుడ్లు తగ్గిపోయిన లేయర్ కోడి, అంటే ఫారంలో గుడ్ల కోసం పెంచే కోడి. మామూలుగా వండితే ముక్క పీచుపీచుగానే ఉంటుంది, కూరంతా పసుప్పచ్చ కొవ్వు తేలుతుంది. అన్నిటికన్నా ప్రమాదం ఎముకలతో. కత్తి వేటుకే చితికి, సూదుల్లాంటి నలుసులు గ్రేవీలో కలుస్తాయి. గుడ్డు పెంకు కోసం కాల్షియం ఎముకల్లోంచి పోయి పోయి, అవి అలా పెళుసెక్కుతాయి. పిల్లలకి పెట్టేటప్పుడు చాలా జాగ్రత్త.

అనపర్తి, తణుకు చుట్టుపక్కల లేయర్ ఫారాలు ఎక్కువ. ఏడాదిన్నర దాటి గుడ్లు తగ్గాక ఆ కోళ్లని మాంసానికి అమ్మేస్తారు. లేయర్ అని చెప్పి ఆ రేటుకే అమ్మితే తప్పేం లేదు. పేరు మార్చి నాటుకోడి రేటు గుంజడమే మోసం.

కాల్చి పసుపు పూశాక గుర్తుపట్టడం చాలా కష్టం. ప్రాణంతో ఉన్న కోడినే చూపించమనండి. మొదట ముక్కు చూడండి. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఫారాల్లో పిల్లగా ఉన్నప్పుడే ముక్కు కొస తీసేస్తారు. అందుకే అది మొండిగా ఉంటుంది, చాలాసార్లు పైది కిందిదానికన్నా పొట్టిగా కనిపిస్తుంది. పెరటి కోడి ముక్కు వాడిగా ఉంటుంది. తర్వాత కాళ్లు. మట్టి గీరే కోడికి గోళ్లు అరిగి ఉంటాయి, కేజ్‌లో పెరిగినదానికి పొడుగ్గా సాగుతాయి. మెడ ఈకలు కూడా తొట్టి కమ్మీలకి రాసుకుని ఊడిపోయి ఉంటాయి. కడుపులో పచ్చసొనల గుత్తి కనబడిందని మాత్రం లేయర్ అనేయకండి, గుడ్లు పెట్టే నాటు పెట్టకీ అది ఉంటుంది.

రంగు ఈకలు చూసి కూడా నమ్మొద్దు. వనరాజా, గ్రామప్రియ లాంటివి హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన రకాలు. మంచి కోళ్లే, కూర కూడా బాగుంటుంది. కానీ అసలు నాటుకోడి రేటు వాటికి ఇవ్వక్కర్లేదు.

తూకం దగ్గర కోడి మెడ కింద ఉండే మేత సంచి తడిమి చూడండి, మేతతో, నీళ్లతో ఉబ్బి ఉంటే ఆ బరువుకీ మీరే డబ్బు కడుతున్నట్టు. 2 కిలోల కోడికి తోలుతో సుమారు 1300 నుంచి 1400 గ్రాముల మాంసం రావాలి. మీ ఎదురుగా కోయించి తల, కాళ్లు, కార్జం, కందనకాయ అన్నీ అడిగి తీసుకోండి. తల ఇవ్వనంటే ఆ కోడి వద్దు.

ఇప్పటికే కొనేసి ఉంటే పారేయక్కర్లేదు, వండే తీరు మార్చాలి. పొట్టలోదీ తోక దగ్గరదీ కొవ్వు తీసేయండి. ముక్కలు రెండు మూడు నీళ్లు మార్చి కడుగుతూ నలుసులు చేత్తో ఏరండి. కిలోకి నూనె మూడు చెంచాలు చాలు. పావుకిలో ఉల్లిపాయలు వేయించి, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం పట్టించి, ముక్కలు మునిగేలా నీళ్లు పోసి మూత పెట్టండి. సన్న సెగ మీద గంటంపావు పడుతుంది. కుక్కరైతే ఒక విజిల్ వచ్చాక సిమ్‌లో 25 నిమిషాలు. తొందరపడి మంట పెంచితే ముక్కలోని నీరంతా బయటికొచ్చి ఇంకా పీచవుతుంది. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి ముద్ద ముక్క మెత్తబడ్డాకే వేయండి, ముందే వేస్తే అడుగంటి మాడుతుంది.

బిల్లు మీద ‘నాటుకోడి’ అని రాయించుకోండి. రాయనంటే కొనకండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, బిల్లూ కోడి తల ఫొటోలూ దగ్గర పెట్టుకోండి.