హాడ్రియన్ వాల్ మీద 84 మైళ్ళు, మధ్యలో ఒక దిక్కుమాలిన రూము

ముందే చెప్తున్నా, హాడ్రియన్ వాల్ (ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన పాత గోడ, దాని వెంబడి నడకదారి) నడవండి, తప్పకుండా నడవండి, కానీ రూము మాత్రం ఫోటోలు చూసి బుక్ చెయ్యకండి. 118 పౌండ్లు పోసి తడి బూట్లు పక్కన పెట్టుకుని పడుకున్న కడుపుమంటతో రాస్తున్నా ఇది.

నేను ఇక్కడ ఇంగ్లండ్‌లో నర్సుని. మా వార్డు నుంచి హాస్పిస్‌కి వెళ్ళేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇక జబ్బు నయం కాదు అని తేలిపోయాక, నొప్పి లేకుండా, ఇంట్లోవాళ్ళు పక్కన ఉండేలా చూసుకునే చోటు అది. పేషెంటు దగ్గర పైసా తీసుకోరు. గవర్నమెంట్ ఇచ్చేది ఖర్చులో సుమారు మూడో వంతు, మిగతాదంతా చందాలు, వీలునామాలు, పాత బట్టలమ్మే చారిటీ షాపులు. అందుకే హాస్పిస్‌కి చందాలు పోగుచేద్దామని నేనూ, మా వార్డులోనే చేసే కేరళ కాలికట్ చేచీ (మలయాళంలో అక్క), "మీ ఇద్దరినీ వదిలేస్తే ఎటు పోతారో" అంటూ మా ఆయనా, తూర్పు చివర వాల్సెండ్ నుంచి పడమటి చివర బౌనెస్-ఆన్-సాల్వే దాకా నడవడానికి బయల్దేరాం. చేచీ వాళ్ళ ఊళ్ళో 1993లోనే ఇలా నయంకాని జబ్బులవాళ్ళ నొప్పి తగ్గించి చూసుకునే పాలియేటివ్ కేర్ సొసైటీ పెట్టారట, పక్కింటివాళ్ళే వాలంటీర్లట, ఎక్కడ కొండ ఎక్కినా ఆయాసపడుతూ అదే కథ.

డబ్బులు అడగ్గానే మన వాట్సాప్ గ్రూపులో ఒకాయన "మీ టూరుకి మేమెందుకు ఇవ్వాలి" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. రూములు, తిండి, బస్సులు అన్నీ మా జేబులోంచే, చందాలో పెన్నీ కూడా ముట్టుకోలేదు, ఆ ముక్క ఆన్‌లైన్ చందా పేజీలో మొదటి లైన్లోనే రాశాం, మీరూ అలాగే రాయండి. ఇంకోటి, ఇక్కడ టాక్స్ కట్టేవాళ్ళు గిఫ్ట్ ఎయిడ్ టిక్ పెడితే 100 పౌండ్లు 125 అవుతాయి, ఆ పాతిక గవర్నమెంట్ ఇస్తుంది. మనవాళ్ళు అదేదో టాక్స్ గొడవ అని భయపడి వదిలేస్తున్నారు. ఇండియా నుంచి ఇచ్చేవాళ్ళు మాత్రం టిక్ పెట్టకూడదు. చందాలు తీసుకునే వెబ్‌సైట్ వాళ్ళు తమకి "టిప్" అని ముందే ఒక అంకె వేసి ఉంచుతారు, అది సున్నా చేసుకోవచ్చు, చూసుకోండి.

న్యూకాజిల్ దాటేదాకా అంతా తారు రోడ్డు, చెప్పుకోడానికేం లేదు. తర్వాత చాలా దూరం గోడే కనపడదు, 1745 తిరుగుబాటు తర్వాత సైన్యం కోసం రోడ్డేస్తూ గోడ రాళ్ళు పీకి అందులోనే పరిచేశారు. పైగా తూర్పు నుంచి పడమరకి నడిస్తే గాలి మొహం మీదే కొడుతుంది. మా ఆయన మూడ్ అక్కడే పోయింది, వానకి ఇంకా పోయింది.

ఇక ఆ రూము. పేరు రాయను. తడి బట్టలు, బూట్లు ఆరబెట్టుకునే గది (drying room) ఉంది అని వాళ్ళ పేజీలో పెద్దక్షరాలతో ఉంది, తీరా వెళ్తే సాయంత్రం ఏడింటికే తాళం. మేం చేరింది ఏడూ పదికి. బూట్లు పిండితే నీళ్ళు కారుతున్నాయి, ఆ గది ఒక్కసారి తెరవండి అంటే "రూల్ ఈజ్ రూల్" అని నవ్వుతూ చెప్పిందావిడ, ఆ నవ్వుకే ఎక్కువ మండింది. హీటర్ ఆన్ చెయ్యడానికి సీజన్ కాదట. మా ఇద్దరికీ 118, చేచీ సింగిల్‌కి 84. పొద్దున్న టిఫిన్ ఎనిమిదిన్నర ముందు పెట్టరట, ఏడింటికే వెళ్ళిపోతాం అంటే ఆ డబ్బులేం తగ్గించలేదు. ప్యాక్డ్ లంచ్ అని మనిషికి 9.50 తీసుకుని రెండు బ్రెడ్డు ముక్కల మధ్య చీజు, ఒక ఆపిలు. చేచీ రాత్రంతా హెయిర్ డ్రయర్‌తో బూట్లు ఆరబెట్టింది, మా ఆయన మాత్రం హాయిగా గురక.

నడిచి నడిచి కాళ్ళకి లేచే పొక్కుల గురించి నర్సుగా ఒక మాట. సూదితో పొడవకండి, హైడ్రోకొల్లాయిడ్ ప్లాస్టర్ (జెల్ లాంటి మెత్తటి పట్టీ) వేసి వదిలేయండి. మంట మొదలైన నిమిషమే ఆగి టేప్ వెయ్యాలి, తర్వాత ఊరొచ్చాక చూద్దాం అంటే అయిపోయినట్టే.

మధ్యలో కొండల భాగం, హౌస్‌స్టెడ్స్ కోట నుంచి స్టీల్ రిగ్ దాకా, దానికోసమే రావచ్చు. గోడ పక్కన రెండు గుట్టల మధ్య ఒంటరిగా నిలబడి పేరు తెచ్చుకున్న సికమోర్ గ్యాప్ చెట్టుని 2023 సెప్టెంబర్లో ఇద్దరు మనుషులు రాత్రికి రాత్రి నరికేశారు కదా, మొదలు దగ్గర జనం ఊరికే నిలబడి చూస్తున్నారు. విన్‌షీల్డ్స్ మీద 345 మీటర్ల ఎత్తు, దారి మొత్తంలో అదే ఎక్కువ.

ఆ రాత్రి ఒక రైతు నడిపే బంక్‌హౌస్‌లో (ఒకే గదిలో వరస మంచాలుండే చవక బస) దిగాం, మనిషికి 22 పౌండ్లు. బూట్లు మా చేతుల్లోంచి లాక్కుని బాయిలర్ గదిలో పెట్టేశాడు. వంటగది ఇచ్చాడు, అన్నం, టమాటా పప్పు, తెచ్చుకున్న ఆవకాయ. మా ఆయన మళ్ళీ మనిషయ్యాడు. చందా డబ్బా చూపిస్తే ఆ పెద్దాయన "నడిచేవాళ్ళకి నేనివ్వను" అన్నాడు మొహం మీదే. కాసేపాగి, తను ప్రతి గురువారం వాళ్ళ టౌన్లో హాస్పిస్ షాపులో కౌంటర్లో కూర్చుంటానని చెప్పాడు. చేచీకి ఆ మనిషి తెగ నచ్చేశాడు, మా కాలికట్ వాళ్ళలాంటోడే అంది.

కార్లైల్ దాటాక బర్గ్ మార్ష్ దగ్గర సముద్రం పోటొస్తే రోడ్డే మునుగుతుంది, టైడ్ టైమింగులు ముందే చూసుకోండి. బౌనెస్ నుంచి వెనక్కి బస్సులు తక్కువ, మేం మిస్సయ్యి కార్లైల్‌కి టాక్సీకి 38 పౌండ్లు పెట్టాం. అదీ మా జేబులోంచే, వాట్సాప్ అన్నగారికి ప్రత్యేకంగా చెప్తున్నా.