గ్రిడ్ కాంపోనెంటు కొంటున్నారా? ముందు పది లక్షల వరుసలు పోసి చూడండి

డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లోకి డబ్బు పెట్టి గ్రిడ్ (డేటాను వరుసల పట్టికగా తెరపై చూపే రెడీమేడ్ కోడ్) కొనబోయే వారికి ఈ హెచ్చరిక. మూడు నెలల క్రితం మేము ఒకటి కొన్నాం. కోట్ల వరుసలైనా వెన్నలా జారుతాయని ప్రకటన. పేరు రాయడం లేదు, ఇదే జబ్బు ఇంకెన్నింటికి ఉందో.

మా ప్రోగ్రాం కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రతను సెకనుకొకసారి నమోదు చేస్తుంది, ఒక్కో రీడింగు గ్రిడ్‌లో ఒక్కో వరుస. తొమ్మిది రోజులు గ్రిడ్ చక్కగా నడిచింది. పదో రోజు ఆపరేటర్ ఫోను చేశాడు. "సార్, టచ్‌ప్యాడ్ మీద వేలు మెల్లగా జరిపితే జాబితా కదలడం లేదు, జోరుగా లాగితే దూకుతోంది." టచ్‌ప్యాడే పాడైందనుకుని మౌసు పెట్టుకోమన్నాను. నా తెలివి అంతే. ఆ మౌసుతో అతడు తప్పుడు రీడింగు ఒకటి నొక్కి తొలగిస్తే, దాని పైనున్న మంచి రీడింగు పోయింది.

కారణం దొరకడానికి రెండు రాత్రులు పట్టింది. వరుస ఎత్తు 21 పిక్సెళ్లు. జాబితా పైనుంచి ఎంత దూరంలో ఉన్నదీ గ్రిడ్ తయారుచేసినవాళ్లు 32 బిట్ల ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యలను దాచే రకంలో) దాచారు. అందులో పూర్ణాంకాలు వరుసగా 1,67,77,216 వరకే ఇముడుతాయి. ఆ పైన బేసి సంఖ్యలకు చోటు లేదు. 21తో భాగించండి: 7,98,915 వరుసలు, అంటే తొమ్మిది రోజుల ఆరు గంటలకు కాస్త తక్కువ. అది దాటాక 1,67,77,257 దగ్గర ఉండాల్సిన వరుస 1,67,77,256 దగ్గర కూర్చుంటుంది. తెరను ఫొటో తీసి పెద్దది చేసి కొలిచాను: వరుసల ఎత్తులు 20, 22, 22, 20. వరుస పై అంచున నొక్కితే లెక్క పై వరుసకు పోతోంది. మెల్లగా జరిపినప్పుడు ఆ దూరానికి అర పిక్సెల్ కలిపితే మొత్తం మళ్లీ పాత సంఖ్యే. అందుకే మెల్లగా జరిపిన వేలికి జాబితా కదల్లేదు.

నాకు కోపం వచ్చింది తప్పు ఉన్నందుకు కాదు. ట్రయల్ కాపీకి పది వేల వరుసల పరిమితి పెట్టారు. అంత దూరంలో ఈ జబ్బు బయటపడే వీలే లేదు. విండోస్ స్క్రోల్ సందేశంలో స్థానానికి 16 బిట్లే ఉంటాయన్న పాత చిక్కును మాత్రం శుభ్రంగా దాటారు, అంటే ఇలాంటివి తెలియనివారేమీ కాదు. మెయిలు పెడితే, లైసెన్సు కీ యాక్టివేట్ అయ్యాక డబ్బు వాపసు లేదన్నారు. జాబితాను పేజీలుగా విడగొట్టుకోమని సలహా కూడా ఇచ్చారు!

కొనేముందు రెండే అడగండి. స్థానాన్ని డబుల్‌లోనో (64 బిట్ల ఫ్లోట్) 64 బిట్ల పూర్ణాంకంలోనో ఉంచుతున్నారా? పరిమితి లేని ట్రయల్ ఇస్తారా? ఇస్తే చివరి వరుసకు వెళ్లి వేలు మెల్లగా జరపండి, వరుసల పై అంచుల మీద నొక్కి చూడండి.

లైసెన్సుతో సోర్సు కోడ్ వచ్చింది కాబట్టి మేమే బాగు చేసుకున్నాం. పైన కనిపించే వరుస సంఖ్యను పూర్ణాంకంగా, ఆ వరుసలో లోపలికి జరిగిన పిక్సెళ్లను విడిగా ఉంచాం. తెర మీద గీసే కోడ్‌కు ఇప్పుడు చిన్న సంఖ్యలే అందుతాయి. పోయిన రీడింగు బ్యాకప్‌లో దొరికింది.